తక్కువుంటే మంచిదే గదా

"తక్కువే ఉండాది బావా. భయపడే పనేం లేదు," అన్నాడు ఓబుళేసు, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ.

అంతే! నాలుగు రోజులుగా ఎవరికీ ముద్ద దిగనివ్వని దిగులు ఒక్క మాటతో తీరిపోయినట్టే అయింది. ఎర్రన్న అరుగు మీద చతికిలబడి పెద్దగా ఊపిరి వదిలాడు.

"షుగరు తక్కువే అన్నారు. బీపీ తక్కువే అన్నారు. ఇప్పుడు ఇది గూడా తక్కువే. ఇంక యా రోగం ఉండాది మనిషికి? టౌను డాక్టర్లు ఊరికే భయపెట్టినారు."

ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు. షుగరు ఎక్కువై కాలు తీయించుకున్నవాళ్ళను చూశాడు. బీపీ ఎక్కువై మూతి వంకరపోయినవాళ్ళను చూశాడు. తక్కువై చచ్చినవాడు ఆయన ఎరికలో ఒక్కడూ లేడు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా ఇదే మాట. రక్తపరీక్షలో ఎక్కువ అని వస్తే ఏడవాలి, తక్కువ అని వస్తే దేవుడికి దండం పెట్టుకోవాలి.

దండం పెట్టుకోవాల్సిన మనిషి మాత్రం నడవలో మంచం మీద కళ్ళు మూసుకుని పడి ఉంది. ఆయన భార్య తిమ్మమ్మకు యాభై నాలుగేళ్ళు. నెల కిందటి దాకా చెనిక్కాయ చేలో కూలివాళ్ళతో సమానంగా కలుపు తీసింది. ఇప్పుడు తల ఎత్తితే కళ్ళు తిరుగుతున్నాయి, గంజి తాగితే గంజి, నీళ్ళు తాగితే నీళ్ళు బయటికొచ్చేస్తున్నాయి. గోడ మేకుకు గ్లూకోజు సీసా వేలాడుతోంది. తమ్ముడు ఓబుళేసు ఎక్కించిందే. పొద్దుటి నుంచి అది రెండోది.

"ఆ కాయితం నాకు చూపిచ్చు మామా," అంది ఇంద్రాణి.

ఇంద్రాణి తిమ్మమ్మ కూతురు. ఓబుళేసు ఆమెకు మేనమామ, పదేళ్ళ కిందట మెడలో తాళి కట్టిన మొగుడు కూడా. పుట్టినిల్లూ మెట్టినిల్లూ ఒకే వీధి, అంతా మనవాళ్ళే, ఇంతకంటే సుఖమేముందని పెళ్ళినాడు అందరూ అన్నారు. మొగుడి మీద కోపమొస్తే పోయి చెప్పుకోవడానికి ఇంకో ఇల్లుండదని ఒక్కరూ చెప్పలేదు.

"చూసి ఏం జేస్తావు? ఇంగ్లీషులో ఉండాది."

"టెన్తు పాసైనా గదా. అంకెలన్నా చదువుతా."

"అంకెలు చదివితే డాక్టరైపోతారా? పదైదేండ్లు కాంపౌండరుగా చేసినోన్ని. నాకు తెల్దా?"

"సరే, తెలుసు. కాయితం రాంగానే డాక్టరు మేడమ్‌కు చూపియ్యమని లాబులో ఆయప్ప చెప్పినాడు గదా. చూపిచ్చినావా?"

ఓబుళేసు సీసాలో చుక్కలు పడే వేగం చూస్తున్నట్టు నటించాడు.

"నిన్నే అడుగుతాండా. నిన్న అనంతపురం దాకా పోయి, కాయితం తీస్కోని, మేడమ్ గడప తొక్కకుండా చివరి బస్సెక్కి వచ్చేసినావా?"

"మేడమ్ లేదు."

"యాడికి పోయినాది?"

"నాకేం తెలుసే! లేదంటే లేదు! పోలీసోళ్ళ మాదిరి అడుగుతావేంది?"

"పాపా, ఊరుకో," అని ఎర్రన్న కూతురిని కసిరాడు. "ఓబుళేసు మాట ఇని ఏపొద్దన్నా చెడిపోయినామా మనం? ఊరంతా ఆయన చేతి సూదికే లేచి తిరుగుతాండారు. నువ్వొచ్చినావు పెద్ద చదువరివి!"

ఇంద్రాణి పోయి తల్లి దగ్గర కూర్చుని పెదాలు తడిపింది. తిమ్మమ్మ కళ్ళు తెరవకుండానే, "వాన్ని ఏమనద్దు పాపా," అంది. అంత ఓపిక లేని స్థితిలోనూ ఆ మాట అనడానికి మాత్రం ఓపిక వచ్చింది ఆమెకు.

ఓబుళేసు నీళ్ళు పోసుకోవడానికి పెరట్లోకి పోయాడు. చొక్కా తలుపు వెనక కొక్కేనికి తగిలించి ఉంది. మొగుడి జేబులో చెయ్యి పెట్టడం తప్పని ఇంద్రాణికి తెలుసు. ఆ తప్పు చేసింది.

కాగితం నిండా చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. మధ్యలో కార్టిసాల్ అనే మాట. దానికెదురుగా ఒకటి పాయింట్ రెండు. ఆ పక్కన, మామూలుగా ఎంత ఉండాలో, ఐదు నుంచి ఇరవై ఐదు. కింద రక్తం తీసిన వేళ: పొద్దున ఎనిమిది.

పోయిన సోమవారం డాక్టరు పద్మప్రియ చెప్పిన మాట ఇంద్రాణికి బాగా గుర్తుంది. "ఈ హార్మోను పొద్దున్నే నిండుగా ఉంటుందమ్మా. సాయంత్రానికి తగ్గిపోతుంది. అందుకే సరిగ్గా ఎనిమిదికి రక్తం ఇవ్వాలి." అందుకోసమే తొలిబస్సుకు తల్లిని మోసుకున్నంత పని చేసి తీసుకుపోయారు. ఆ రక్తం బెంగుళూరు పోయి, ఇదిగో, ఈ కాగితమై వచ్చింది. నిండుగా ఉండాల్సిన వేళలో ఒకటి పాయింట్ రెండు.

ఓబుళేసు తల తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. కాగితం చూశాడు, భార్య ముఖం చూశాడు, తలుపు దగ్గరికేశాడు.

"ఐదన్నా ఉండాల్సింది ఒకటుండాది," అంది ఇంద్రాణి. "ఇదేనా భయపడే పనిల్యాకపోవడం?"

"మెల్లిగా మాట్లాడు. బావ ఇంటాడు."

"ఇననీ."

అతను చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకదానికొకటి తప్పు పెట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంద్రాణి కదలకుండా నిలబడి చూస్తూనే ఉంది.

"మంచిది కాదని నాకూ తెలుసు," అన్నాడు చివరికి. "ఎందుకు తక్కువైందో తెల్దు. దేవుని తోడు, తెల్దు."

"మేడమ్‌కు తెలుస్తాది గదా."

"తెలుస్తాది. ముందు అడుగుతాది. ఏమేం మాత్రలు మింగుతాండాదని అడుగుతాది. పోయినసారి అడిగితే ఏమీ లేదన్నా. ఈ కాయితం చూసినాక ఇడ్చిపెడుతుందా?"

అదీ సంగతి! ఇంద్రాణి బియ్యం మూట మీద కూర్చుంది.

ఆ మాత్రల పొట్లాలు ఆమెకు తెలియనివి కావు. వాటిని కట్టిందే ఆమె. ఒక గొట్టం మాత్ర, ఒక పసుపుపచ్చ మాత్ర, ఒక చిన్న తెల్ల మాత్ర, పాత నోటుబుక్కు కాగితంలో మడిచి పెట్టేది. నాలుగేళ్ళ కిందట తిమ్మమ్మ మోకాళ్ళు పట్టేసి, కూర్చుంటే లేవలేక, బయటికి పోవాలన్నా మనిషి సాయం కావలసి వచ్చినప్పుడు ఓబుళేసు మొదలుపెట్టాడు. మూడో రోజుకే తిమ్మమ్మ లేచి చేనికి పోయింది. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. మరుసటి వారం నుంచి ఓబుళేసు వైద్యం చేసే గది ముందు ముసలోళ్ళు బారులు తీరారు. తిమ్మమ్మ ముఖం గుండ్రంగా నిండింది. తమ్ముని చేతి చలువ, ఒళ్ళు చేసింది అన్నారు జనం. ఎక్కడ తగిలినా చర్మం కమిలి నల్లబడటం మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

"ఆ తెల్లది ఏంది మామా?"

"స్టెరాయిడ్."

"మంచిది కాదా?"

"పోయినేడు మందుల కంపెనీ ఆయప్పొకడు చెప్పినాడు. శానా దినాలు మింగితే ఎముకలు గుల్లయిపోతాయంట, షుగరు వస్తాదంట. అప్పటికే మూడేండ్లు మింగింది అక్క. ఆపుదామంటే నొప్పులని ఏడుస్తాది. ఏం చెయ్యాల నేను? అందుకే ఈ శ్రావణంలో మానేస్తానంటే వద్దన్లే. పీడ పోయిందిలే అనుకున్నా."

శ్రావణమాసంలో తిమ్మమ్మ నీచు ముట్టదు. ఎన్నడూ ముట్టలేదు. ఈ ఏడు భజనలో ఎవరో, గొట్టం మాత్రల తొడుగులు పశువుల ఎముకలతో చేస్తారని చెప్పారు. గొట్టం ఒక్కదాన్ని ఏరేసి మిగిలినవి మింగితే సరిపోయేది. కానీ ఒకే పొట్లంలో ఒకదానికొకటి తగులుకుని ఉన్న మాత్రలు కదా, అన్నీ మైలపడినట్టే అని పొట్లాలకు పొట్లాలే మానేసింది. మానేసిన పదో రోజుకు మంచమెక్కింది.

"మానేసినప్పట్నుంచే గదా అమ్మ పడిపోయింది?" అంది ఇంద్రాణి.

"మానేస్తే బాగుపడాల గదా! ఇసం మింగేది మానేస్తే ఎవురన్నా చస్తారా? అదే నాకు అర్థం కాలే. మా యమ్మ పోయినప్పుడు నాకు మూడేండ్లు. అక్క చంకనేసుకోని సాకింది. ఆమెను నేను చంపుకుంటానా ఇంద్రాణీ?"

"చంపుతావని నేనన్లే. చస్తాదంటాండా. నీకూ తెల్దు, నాకూ తెల్దు. తెలిసినామె దగ్గరికి పోదాం పా."

"పోతే నా గది మూసేస్తారు. కేసు పెడ్తారు. పిల్లోళ్ళకు ఏం పెడ్తావు?"

ఆమె లేచి తలుపు తీసింది. అరుగు మీద తండ్రి అప్పటికే నిమ్మళంగా బీడీ వెలిగించుకున్నాడు.

"నాయనా, అమ్మను అనంతపురం తీస్కపోవాల. ఇప్పుడే."

"మళ్ళా మొదలుపెట్టినావా? తక్కువుండాదంటాడు గదా!"

"మన బోర్లో నీళ్ళు తక్కువైతే మంచిదంటావా నాయనా?"

ఎర్రన్న బీడీ నోటి దగ్గరే ఆగిపోయింది. నాలుగు బోర్లు వేయించిన మనిషి. మూడింట్లో దుమ్ము లేచింది. నాలుగోది ఉగాది నుంచి గాలి కక్కుతోంది.

"ఇది గూడా అట్లాంటిదే," అంది ఇంద్రాణి. "ఒంట్లో ఊరాల్సింది ఊరలే. ఐదుంటే గాని మనిషి నిలబడదు. అమ్మకు ఒకటుండాది."

ఎర్రన్న బావమరిది వంక చూశాడు. ఓబుళేసు తల దించుకున్నాడు. ముసలాయన బీడీ పారేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం రోడ్డు మీదికి పరుగుతీశాడు.

ఆ తెల్ల మాత్ర సంగతి ఇంద్రాణి తండ్రికి చెప్పలేదు. దారిలో చెప్దామనుకుంది. దారి పొడుగునా ఓబుళేసు అక్క తలను ఒళ్ళో పెట్టుకుని, ఆటో గుంతలో పడ్డప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ మనిషి ఎదురుగా ఆమెకు నోరు రాలేదు.

అనంతపురం చేరేసరికి మూడైంది. డాక్టరు పద్మప్రియ కాగితం చూడగానే కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"ఇది నిన్ననే వచ్చింది కదా. నిన్న ఎందుకు తీసుకురాలేదు? నేను రాత్రి ఎనిమిది దాకా ఇక్కడే ఉన్నాను."

ఎర్రన్న మెల్లగా తల తిప్పి బావమరిదిని చూశాడు. డాక్టరుకు జవాబు కోసం ఆగే తీరిక లేదు. తిమ్మమ్మ బీపీ డెబ్బై. నరానికి ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టి, గంటన్నర పాటు మంచం దగ్గరే తిరిగింది. నాలుగున్నరకు బీపీ తొంభై ఐదైంది. తిమ్మమ్మ కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. తాగిన నీళ్ళు కడుపులో నిలిచాయి. ఎర్రన్న అందరూ చూస్తుండగానే ఏడ్చేశాడు.

"ఇంకా గండం గడవలేదు పెద్దాయనా," అంది డాక్టరు. "కిడ్నీల మీద రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. జ్వరమొచ్చినా, తిండి లేకపోయినా ఒళ్ళు తట్టుకునే హార్మోను అక్కడ ఊరుతుంది. ఈమెకు ఊరడం లేదు. తక్కువ అని కాగితం చెప్పింది. ఎందుకు తక్కువో కాగితం చెప్పదు. అది మీరే చెప్పాలి."

"మాకేం తెలుస్తాది మేడమ్?"

"వినండి. ఒకటి, టీబీ ఆ గ్రంథుల్ని తినేసి ఉండాలి. పోయిన వారం తీసిన ఎక్స్‌రేలో పాత మచ్చ ఉంది. అదే అయితే టీబీ మందులు వెంటనే మొదలుపెట్టాలి. లేదంటే రెండోది, చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు మింగి ఒక్కసారిగా మానేసి ఉండాలి. బయటి నుంచి మాత్ర వస్తుంటే లోపల గ్రంథులు పని మరిచిపోతాయి. ఆ మాత్ర ఆగిపోతే అవి వెంటనే లేవవు. మనిషి ఇలా పడిపోతుంది."

ఓబుళేసు గోడకు ఆనుకున్నాడు. ఇన్ని రోజులూ అర్థం కానిది ఇప్పుడు అర్థమైంది. "అట్లయితే... ఆ మాత్రలే మళ్ళా ఇయ్యాల్నా మేడమ్?"

"అవును. ఇస్తూ, నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గించాలి. అలా మాత్రలు మానేసి పడిపోయినవాళ్ళకు టీబీ మందు మాత్రం పొరపాటున కూడా ఇవ్వకూడదు. అది ఈ మాత్రల బలాన్ని లాగేస్తుంది. మళ్ళీ పడిపోతే నేనేం చెయ్యలేను. చెప్పండి, ఏది నిజం?"

"రెండోది మేడమ్," అంది ఇంద్రాణి. "నాలుగేండ్లు మింగింది. శ్రావణమని మానేసింది. ఇచ్చింది మా ఆయనే. పొట్లాలు కట్టింది నేనే."

ఎర్రన్న నోరు తెరుచుకుని కూతురిని చూశాడు.

"అబద్ధం," అని మంచం మీది నుంచి వినపడింది.

తిమ్మమ్మ మోచేతి మీద లేవబోతోంది. ఇంజెక్షన్ బాగానే పనిచేసింది. వచ్చిన కాస్త బలాన్నీ ఆ తల్లి మొదట దీనికే వాడింది.

"నా తమ్ముడు నాకే మాత్రలూ ఇయ్యలే మేడమ్. అది మొగునితో కొట్లాడుకోని వచ్చింది. దాని మాట ఇనద్దండి."

"అమ్మా! నీ పాణం పోతాదంటాంటే..."

"నా పాణం సంగతి నాకు తెలుసు. వాన్ని జైల్లో పెట్టిస్తావా? నీ మొగుడు గాదా వాడు? నీ పిల్లోళ్ళకు నాయన గాదా?"

డాక్టరు తిమ్మమ్మ గుండ్రటి ముఖాన్నీ, చేతుల మీది కమిలిన మచ్చల్నీ చాలాసేపు చూసింది. తర్వాత ఓబుళేసు వైపు తిరిగింది. "నాకు అనుమానంగానే ఉంది. మీరు చెప్పండి."

ఓబుళేసు పెదాలు కదిలాయి. తిమ్మమ్మ చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది, చిన్నప్పుడు సంతలో తప్పిపోకుండా పట్టుకున్నట్టు.

"అక్క చెప్పిందే మేడమ్," అన్నాడు.

ఛీ అనుకుంది ఇంద్రాణి. అంతకంటే పెద్ద మాట ఆమెకు ఆ క్షణాన దొరకలేదు.

"పెద్దాయనా, మీరు చెప్పండి," అంది డాక్టరు. "ఒకే ఇంట్లో ఉండేవారు. మీ భార్య రోజూ ఏం మింగిందో మీరు చూసే ఉంటారు. మీ మాట మీదే రాస్తాను."

ఎర్రన్న రోజూ చూశాడు. రాత్రి ముద్ద తిన్నాక చెంబుతో నీళ్ళు అందించింది ఆయనే. భార్య మంచం దగ్గరికి ఒక అడుగు వేశాడు.

"ఏమప్పా," అంది తిమ్మమ్మ. "మాత్రలని నోరు తెరిచినావంటే నా మీద ఒట్టే. నేను చచ్చినంత ఒట్టు."

ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆమె ఆయనకు ఒట్టు పెట్టడం అదే మొదలు. ఒట్టు దాటితే పెట్టినవాళ్ళు చస్తారని నమ్మే మనిషి ఎర్రన్న. గోడ మీది గడియారం చూశాడు. కూతురిని చూశాడు.

"నేనేం చూళ్ళే మేడమ్," అన్నాడు.

డాక్టరు నిట్టూర్చి కలం తీసింది. పైన ఒక మందు రాసింది. "ఇది స్టెరాయిడ్. ఏదైనా సరే ఇది తప్పదు." గీత గీసి, కింద ఇంకో నాలుగు రాసింది. "ఇవి టీబీకి. రేపు పొద్దున పరగడుపున మొదలుపెట్టాలి. ఎవరు తెస్తారు?"

ఓబుళేసు చెయ్యి చాచాడు. అతనికంటే ముందే ఇంద్రాణి చీటీ అందుకుంది.

"నేను తెస్తా."

"మే, వాడు తెస్తాడులే," అంది తిమ్మమ్మ. ఇంద్రాణి వెనక్కి తిరగలేదు.

మందుల షాపు ఆసుపత్రి కిందనే ఉంది. జనం సందులోంచి చీటీ లోపలికిచ్చి, గీత దగ్గర వేలు పెట్టింది.

"దీనిపైది ఒక్కటే ఇయ్యన్నా. కిందివి వద్దు."

షాపాయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి చూశాడు. "ఏమ్మా, దుడ్లు చాల్లేదా?"

"దుడ్లుండాయి."

"మరి? ఇవి టీబీ మందులు. మానేస్తే మనిషి పోతాదమ్మా. ఎవురికి?"

"మా యమ్మకు."

"మేడమ్ వద్దన్నాదా?"

"లేదు. నేనే వద్దంటాండా."

ఆయన చేతిలో మాత్రల అట్ట ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో తొందరపెడుతున్నారు. ఇంద్రాణి చెయ్యి చాపే ఉంచింది.

"పొరపాటయితే ఎవురిదమ్మా పూచీ?"

"నాదే."